చౌడు మడికి పసుపు కాగితం

నా చిన్నప్పుడు మా వరి మడి ఏడాదికేడాది తెల్లబడుకుంట పోయింది. హాలియా పక్క ఊరు మాది. కాలువ నీళ్లొచ్చినయని ఊరంత సంబురపడితే, పల్లంల ఉన్న మా మడిల మాత్రం నీళ్లు నిలిచి నిలిచి చౌడు పేరింది. నాటేసిన నారు నాటేసినట్టే మాడిపోయేది. మాకున్నది గా ఒక్క మడే. అది పోతే బాపుకు కూలి తప్ప ఇంకో తొవ్వ లేదు.

బాపు ఊకునే మనిషి కాదు. బూడిద భూమికి బలమని మా దిక్కు అందరి నమ్మకం. మా పొయ్యిలదే కాక వాడకట్టోళ్ల పొయ్యిలన్నీ ఊడ్పించి, బండికెత్తి ఆ తెల్లమచ్చల మీద చల్లిండు. నేనూ తట్టలు మోసిన. చల్లినకొద్దీ మడి ఇంకా పాడైంది. ఆఖరికి ఇటుక బట్టీ పెట్టుకునేటాయనకు అమ్మేద్దామనే కాడికొచ్చిండు. మా అవ్వ ఒకటే ఏడుపు. నాకైతే ఆ బట్టీ ఆయన్ని చూస్తేనే ఒళ్లు మండేది.

పక్కింటి అక్క నల్లగొండల సైన్సు చదువుతుండె. సెలవులకొచ్చి సంగతి విన్నది. పసుపు నీళ్లల్ల తెల్లకాగితం ముంచి, ఆరబెట్టి, చీలికలు చేసింది. మా మడి మన్ను నానబెట్టి, తేరిన నీళ్లల్ల ఒక చీలిక ముంచితే పారాణి తీరు ఎర్రగైంది. బూడిద నీళ్లల్ల ఇంకోటి ముంచింది. గదీ ఎర్రగనే అయింది. దాని మీద నిమ్మరసం పిండితే మళ్ల పసుపు! బాపు గుడ్లప్పగించి చూసిండు.

"కాకా, చౌడూ బూడిదా ఒక్క జాతివే. చౌడు మీద చౌడే పోస్తున్నవ్" అన్నది.

అరుగు మీద సుద్దతోని సున్న నుంచి పద్నాలుగు దాక గీతలు గీసింది. సున్న దిక్కు నిమ్మకాయ, నడుమ ఏడు కాడ మంచినీళ్ల చెంబు, అవతల సబ్బుబిళ్ల, బూడిద పెట్టింది. దీన్ని పీహెచ్ అంటరట. ఏడుకు కిందికి పోతే ఆమ్లం, మీదికి పోతే క్షారం. ఏడు నుంచి ఒక్కో గీత దూరం పోతే ఆ గుణం పదింతలు పెరుగుతదట. మా మన్ను తొమ్మిది దాటి ఉంటదన్నది.

"అయితే మడి నిండ నిమ్మకాయలు పిండాల్నా బిడ్డా?" అని బాపు అడిగితే ఏడుస్తున్న అవ్వ గూడ నవ్వింది.

చౌడును ఇరగ్గొట్టే జిప్సం పొడి చల్లి, నీళ్లు పెట్టి కడిగి, పచ్చిరొట్టకు జీలుగు పెంచి మడిలనే కలిపి దున్నాలన్నది అక్క. ఒక్క ఏడాదితోని అయ్యే పని కాదని గూడ చెప్పింది. బాపు తుండు దులిపి భుజానేసుకొని, బట్టీ ఆయనకు భూమి ఇయ్యనని చెప్పొస్తా అని అటే పోయిండు.

మురుగు పోయేటందుకు ఇంటిల్లిపాదీ కాలువ తవ్వినం. ఊరోళ్లు ఎక్కిరించిండ్రు. పంటపంటకూ నేనే కాగితం ముంచేదాన్ని. మొదట్ల ఎరుపు తగ్గలే, నాకు దుఃఖమొచ్చేది. బాపు మాత్రం "మళ్ల జీలుగు చల్లుదాం తీ" అనేటోడు. ఆఖరికి ఒక ఏడాది కాగితం పసుపుగనే ఉన్నది. ఆ ఏటి కొత్త బియ్యం మా ఇంట్ల వండకముందే బాపు అక్కోళ్ల ఇంటికి మోసుకపోయిండు.

ఇప్పుడు తెలంగాణ వచ్చినంక మన్ను పరీక్షకిస్తే పీహెచ్ అంకె వేసి ఇస్తున్నరు. నా కొడుకు ఆ మడే దున్నుతున్నడు. ఎవరన్న ఏదన్న చూపెట్టి గిది ఇగ బాగుపడదంటే నేను ఇప్పటికీ ఊకోను. మా బాపు తక్కువ కష్టపడలే, రోగమేందో తెల్వక కష్టపడ్డడు. అందుకే ముందుగాల రోగమేందో తెల్సుకుంట. తెల్సినంక ఎవరెన్ని చెప్పినా పట్టు ఇడువను.