ఖాళీ డబ్బా

ఆ రోజుల్లో నా దగ్గర ఇంకేం లేకపోయినా పరువు మాత్రం పుష్కలంగా ఉండేది. దాన్ని భుజాన వేసుకుని కాలిఫోర్నియాలోని సన్నీవేల్ అంతా సైకిల్ మీద తిరిగేదాన్ని. మాస్టర్స్ అయ్యాక దొరికిన మొదటి ఉద్యోగం మాంద్యంలో ఊడిపోయింది. ఓపీటీ మీద, అంటే చదువయ్యాక కొన్నాళ్ళు పనిచేసుకోమని ఇచ్చే అనుమతి మీద ఉన్నదాన్ని, గడువులోగా ఇంకోటి దొరక్కపోతే పెట్టె సర్దుకోవాల్సిందే. అయినా ఎవరికీ చెప్పలేదు. రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడలో ఐడీ కార్డు తాడు తగిలించుకుని ఆఫీసుకి పోతున్నట్టే బయల్దేరేదాన్ని. (కార్డు కంపెనీవాళ్ళు లాక్కున్నారు గానీ తాడు నాకే వదిలేశారు. దానికి లైబ్రరీ కార్డు తగిలించాను. వెళ్ళేదీ అక్కడికే కనుక అబద్ధమేమీ లేదు.) నిజం తెలిసింది నా రూమ్మేట్‌కి ఒక్కదానికే. వరంగల్ పిల్ల, నోరు మంచిదే గానీ తాళం ఉండదు.

మా కింది ఫ్లాట్‌లో డబ్బా ఆంటీ ఉండేది. ఆ పేరు ఎందుకొచ్చిందో ముందు ముందు మీకే తెలుస్తుంది. ఆవిడ ఆసుపత్రిలో అకౌంట్స్ చూసేది. తాతలు పోర్చుగల్ దీవుల నుంచి వచ్చి కాలిఫోర్నియాలో ఆవుల పాలు పితికి బతికారట. అలాంటి ఇళ్ళలోంచి చదువుకుని పైకొచ్చిన ఆడవాళ్ళు, లాయర్లూ నర్సులూ బ్యాంకు మేనేజర్లూ, నెలకోసారి శాన్ హోసేలో ఒక హాల్లో కలిసేవాళ్ళు. ముందు మెట్టెక్కినవాళ్ళు వెనకున్నదాని చెయ్యి పట్టుకుని పైకి లాగాలన్నది వాళ్ళ సంఘం నియమం. నన్నూ రమ్మంది. నేను పోర్చుగీసుదాన్ని కాదు కదా అన్నాను. మీ ఊళ్ళో ఏం పండుతుందని అడిగింది. "గుంటూరు మిరపకాయలు" అన్నాను గర్వంగా.

"మిరపకాయ ఇండియాకి తెచ్చింది మావాళ్ళే. ఇంక చుట్టరికం సంగతి ఎత్తకు, కారెక్కు" అంది.

గుంటూరు పిల్లకి అంతకంటే అవమానం ఉంటుందా! అయినా వెళ్ళాను. అక్కడ ఒక్కొక్కరూ లేచి, నాకు ఫలానా సాయం కావాలని మైకులో అడిగేస్తున్నారు. నా వంతొచ్చింది. "ఐ యామ్ ఫైన్, థాంక్యూ" అని కూర్చున్నాను. అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను అమ్మనైనా అడిగే రకం కాదు.

ఆ రోజు ఆంటీ ఒక రేకు డబ్బా నిండా తియ్యటి రొట్టె ఇచ్చింది. ఎవరి గిన్నెనీ ఖాళీగా తిరిగివ్వకూడదని మా అమ్మ పెంచిన పిల్లని, పులిహోర పెట్టి ఇచ్చాను. రెండ్రోజులకి అదే డబ్బాలో దాల్చినచెక్క పొడి చల్లిన పరమాన్నం వచ్చింది. వాళ్ళమ్మా అలాగే పెంచిందట! నేను జంతికలు, ఆవిడ బాదం కేకు, నేను గారెలు. ఆపడం ఇద్దరికీ చేతకాలేదు. "జాబ్ పోయింది గని నీ క్యాటరింగ్ మస్తు నడుస్తుందే" అనేది రూమ్మేట్.

ఇంతలో ఆఖరి రౌండు దాకా వచ్చిన ఉద్యోగం ఒకటి చేజారింది. గడువు ముంచుకొచ్చింది. ఇక ఈ దేశంలో నాకు నూకలు చెల్లాయనుకుని ఏడ్చాను. ఎదురుగా ఆంటీ డబ్బా. పొయ్యి వెలిగించే ఓపిక లేదు. కడిగి, తుడిచి, ఆవిడ గుమ్మం ముందు ఖాళీగా పెట్టేసి వచ్చాను.

మర్నాడు ఆదివారం. తలుపు దబదబా బాదుతున్నారు. రూమ్మేట్ తలుపు కన్నంలోంచి చూసి వెనక్కి గెంతింది. "ఏయ్, నల్లబట్టలేసుకొని ఆడోళ్ళొచ్చిన్రే, గిన్నెలు పట్టుకొని! ఏం జేసినవ్ నువ్వు?"

తలుపు తియ్యగానే ఆంటీ నన్ను గుండెలకి అదుముకుంది. "ఎవరు పోయారు తల్లీ? మీ నాన్నగారా?" వెనక సంఘం ప్రెసిడెంటు, లాయరు, ఇంకా ఇద్దరు ముగ్గురు కళ్ళొత్తుకుంటున్నారు. అందరూ నిక్షేపంలా ఉన్నారని మొత్తుకున్నాను. "మరి డబ్బా?" అంది. వాళ్ళ అమ్మమ్మ ఊళ్ళో గిన్నె ఖాళీగా తిరిగొచ్చేది పొయ్యి వెలగని ఇంటి నుంచే, అంటే చావింటి నుంచేనట. డబ్బా చూడగానే సంఘమంతటికీ ఫోన్లు చేసేసింది, వాళ్ళ ఆచారం ప్రకారం నల్లబట్టల్లో పరామర్శకి వచ్చేశారు.

రూమ్మేట్ ఇక పట్టలేకపోయింది. "నో డెత్, ఆంటీ! ఓన్లీ జాబ్!"

నా పరువు వాళ్ళందరి ముందూ దభీమని నేల మీద పడింది. ప్రెసిడెంటు చేతిలో గిన్నె కింద పెట్టి (చేపల కూర, నేనేమో శాకాహారిని, రూమ్మేట్ పండగ చేసుకుంది) గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "ఉద్యోగమేనా! చావుకైతే మా దగ్గర మందు లేదు గానీ, దీనికుంది" అని నల్లకోటు విప్పి కుర్చీ లాక్కుంది. లాయరు వీసా గడువు అడిగింది. బ్యాంకు మేనేజరు నా రెజ్యూమెని చీల్చి చెండాడింది. ఆంటీ వాళ్ళ ఆసుపత్రి ఐటీలో పనిచేసే ఆవిడ నన్ను వంటింట్లో నిలబెట్టి ప్రశ్నలేసింది. ఆవిడ చెప్పిన ఖాళీకే అప్లై చేశాను, గడువులోగా ఉద్యోగం వచ్చింది. కానీ నాకు ప్రాణం లేచొచ్చింది మాత్రం ఆ ఆదివారమే. నాకోసం నల్లబట్టలు కట్టుకుని వచ్చేవాళ్ళు ఈ దేశంలో ఉన్నారని తెలిసిన రోజు అది.

తర్వాత పెళ్ళయి, మేం టెక్సస్‌లోని ప్లేనో వచ్చేశాం. వస్తుంటే ఆంటీ ఆ డబ్బా నాకే ఇచ్చేసింది, నిండుగానే. ఇప్పుడది మా వీధి చివర గది అద్దెకి తీసుకున్న ఎమ్మెస్ పిల్లకీ నాకూ మధ్య తిరుగుతోంది. ఎప్పుడడిగినా "ఐ యామ్ ఫైన్ ఆంటీ" అంటుంది. (అవును, నేనూ ఆంటీనయ్యాను.) మొన్న శనివారం డబ్బా మా గుమ్మంలో కనిపించింది. మూత తీశాను. ఖాళీ. శుభ్రంగా కడిగి, తుడిచి ఉంది. ఈ కాలం పిల్లలకి అమ్మలు ఏమీ నేర్పరనుకోబోయి ఆగిపోయాను. మెడలో తాడేసుకుని లైబ్రరీకి బయల్దేరిన ఓ పిచ్చిపిల్ల గుర్తొచ్చింది. దానిమీద ఇప్పుడు కోపం రాదు, ముద్దొస్తుంది.

కుక్కర్ ఎక్కించి, పప్పు దించి, గిన్నె పట్టుకుని బయల్దేరాను. నల్లచీర మాత్రం కట్టుకోలేదు.