చుక్కలు పడని చోటు

డాక్టర్ బాబు పోయారు. మొన్న ఖరిదా బజారులో బేరమాడుతుంటే చేపలమ్మే ఆవిడ కత్తిపీట దగ్గర చెయ్యి ఆపి, "డాక్టర్‌బాబు ఆర్ నేయి, దీదీ" అంది. ఇక లేరట. కోసిన చేప అక్కడే వదిలేసి ఇంటికొచ్చేశాను. నాకు అక్షరం రాదు. నేను చెబుతున్నాను, మా కోడలు రాస్తోంది. ఆయన నాకేం చేశారో ఈ ఊళ్ళో తెలియనివాళ్ళు ఉండకూడదు.

ఝపటాపూర్‌లో ఆయన ఆసుపత్రి, ఒక్క గది. ఆయన బెంగాలీ. పనుల కోసం ఇక్కడికొచ్చిన మా తెలుగువాళ్ళ బాధలు విని విని మా మాటే నేర్చేశారు. నాకంటే చిన్నవారు, నన్ను బౌదీ, మా ఆయన్ని దాదా అనేవారు, అంటే వదిన, అన్న. కుర్చీలో కూర్చుని రోగిని పిలిచే అలవాటు లేదు. బెంచీ మీద రోగి పక్కనే కూర్చుని ఊపిరి వినేవారు.

మా ఆయనది ఓ ఫ్యాక్టరీలో కొలిమి పని. ఒకరోజు అక్కడ గ్యాసు లీకైంది. అది పీల్చి పడిపోయాడు. బతికాడు గానీ నాలుగడుగులకే ఆయాసం. మా ఆయన ఎక్స్‌రే తీసుకుని, తేలిక పని ఇమ్మని నేను అడగబోతే మేనేజరు, మన తెలుగాయనే, ఎక్స్‌రే వెలుతురుకి పట్టి చూశాడు.

"సాఫ్‌గా ఉంది. మీ ఆయన మంచి నటుడు కదమ్మా! కొలిమికి రాకపోతే పేరు కొట్టేస్తాం."

మా ఆయన పూజల పందిళ్ళలో రాజు వేషం కట్టి పద్యాలు పాడేవాడు. ముందు వరుసలో కూర్చుని వన్స్‌మోర్ కొట్టినవాడు ఆ మేనేజరే.

"ఇంట్లో నా ముందు కూడా నటిస్తన్నాడేటి బాబూ? నేనేటి టిక్కెట్టు కొన్నానా?" అని అరిచి వచ్చేశాను.

జరిగింది చెబితే డాక్టర్ బాబు విన్నారు. "బౌదీ, నటుడు సావునైనా నటిస్తాడు. సప్పట్లు పడే పద్యం మద్దెలో మాత్రం ఆపడు. ఈ పూజలకి మీ ఆయన ఆపీసినాడు, నేను సూసినాను. ఎక్స్‌రే ఇంటి గోడ సూపిస్తాది. లోపల కాపురం సూపించదు" అన్నారు.

కలకత్తా పెద్దాసుపత్రికి ఆయనే తీసుకెళ్ళారు. అక్కడ చేతి నరంలోకి జాడ పట్టే మందు కాస్త ఎక్కించారు. అది కంటికి కనబడని కిరణాలు చిమ్ముతూ నెత్తురుతో ఊపిరితిత్తుల్లోకి పోతుందట. పోయిన చోటల్లా మిషను కాగితం మీద చుక్క వేస్తుందట.

"నేను దీపంలా వెలుగుతానేటి బాబూ?" అని మా ఆయన భయపడ్డాడు.

"వెలిగితే మంచిదే దాదా. కరెంటు పోతే బౌదీకి పనికొస్తావు."

కాగితం వచ్చింది. ఎడమ పక్క ముగ్గుకి పెట్టినంత ఒత్తుగా చుక్కలు. కుడి పక్క అడుగున బోసి. జన్మలో మొదటిసారి, ఒక కాగితాన్ని నాకెవరూ చదివి చెప్పక్కర్లేకపోయింది.

మేనేజరు బల్ల మీద డాక్టర్ బాబు దాన్ని పరిచారు. ఆయనే మాట్లాడతారనుకున్నాను. నా వైపు తిరిగి, "నువ్వే సెప్పు, బౌదీ" అన్నారు.

చెప్పాను. "ఇక్కడ నెత్తురు పోతంది. ఇక్కడ పోటం లేదు. ఇప్పుడు సెప్పండి బాబూ, నెత్తురికి నటన నేర్పినోడెవుడు?"

మేనేజరు ఆ బోసి చోటుని వేలితో తడిమాడు. కాగితం మడిచి నాకిచ్చి, "రేపట్నించి స్టోర్సులో కూర్చోమనండి" అన్నాడు.

బయటికొచ్చాక నా కాళ్ళు నేల మీద లేవు. ఆ కాగితం పట్టుకుని మా సందులో గుమ్మం గుమ్మం దగ్గరా ఆగి విప్పి చూపించాను. అలా చూపిస్తూ వెనక్కి తిరిగాను. సైకిలు సీటు మీద మా ఆయన. హ్యాండిలు పట్టుకుని, తోవలో గుంటలు తప్పిస్తూ, మెల్లగా నడిపించుకొస్తూ డాక్టర్ బాబు.