వహాబ్ చాచా ఎదురిల్లు

కారు కొన్నవాణ్ణి చూసి వహాబ్ చాచా నవ్వి ఊరుకుంటాడు. ఇంటికి పాత చెక్కడపు తలుపున్నవాణ్ణి చూస్తే మాత్రం ఆ పూట ఆయనకు అన్నం సయించదు. పాత ఇళ్లున్నవాళ్లంటే అంత అసూయ.

గద్వాల కోట వెనక గల్లీలో ఆయనది మా పక్కిల్లు. తాతలు కట్టించిన డంగు సున్నం మేడ. ఒకసారి వనపర్తిలో పెళ్లికి వెంట తీసుకెళ్లాను. పెళ్లివారింటి కమాను చూసి బిర్యానీ ముట్టకుండా లేచాడు.

"ఏమైంది చాచా?"

"గా కమాను చూసినవా జితేందర్? మాదానికన్న జానెడు ఎత్తున్నది. ముద్దెట్ల దిగుతది?"

ఇంకోసారి అలంపూర్ వెళ్తే, ఆ పాత గుళ్ల దగ్గర ఏం గొడవ చేస్తాడోనని భయపడ్డాను. చుట్టూ తిరిగి చూసి స్థిమితపడ్డాడు. "గివి సర్కారువి. పోటీల లెక్కకు రావు."

అసలు కడుపుమంట ఎదురింటి కురుమూర్తి మీద. అతని వసారాలో చిలకలు చెక్కిన టేకు స్తంభాలున్నాయి. ఊరు చూడవచ్చినవాళ్లు ఫోన్లు తీయగానే చాచా అడ్డం నిలబడేవాడు. "గాడేమున్నది? ఇటు మా ఇంటి దిక్కు మర్రి చూడుండ్రి!" ఎందరి ఫోన్లలోనో కురుమూర్తి ఇల్లు లేదు, చాచా ఉన్నాడు.

మొన్నటి వానలకు ఆ ఇంటి నడి దూలం విరిగి కప్పు కుంగింది. అంత పొడుగు టేకు వెతికినా దొరకలేదు. ఇనుప గర్డరు బరువు ఆ చెక్క స్తంభాలు మోయలేవన్నాడు మేస్త్రి. "కూలగొట్టి షట్టర్లేసుకో, కిరాయొస్తది" అన్నారు అందరూ. కురుమూర్తి భార్య జోగులమ్మ కళ్లు తుడుచుకుంటూ సామాను సర్దింది. జేసీబీకి కబురు వెళ్లింది.

"ముబారక్ చాచా, ఇగ గల్లీల నీదే పాత ఇల్లు" అన్నాను. కొరకొర చూసి లోపలికి పోయాడు. తర్వాత ఆయన ఇంట్లోంచి ఒకటే సుత్తి చప్పుడు.

జేసీబీ వచ్చిన పొద్దున చాచా ఇంట్లోంచి కూలీలు ఓ పెద్ద టేకు దూలం మోసుకొచ్చారు. వెనకే ఆయన భార్య సల్మా కేకలు. "మా నడిమింట్ల దూలం ఊడవీకిచ్చిండు! ఇనుప గర్డరు ఏయించిండు! జర ఎవరన్న అడుగుండ్రి!"

కురుమూర్తి బిత్తరపోయాడు. "వహాబ్ భాయ్, నీ ఇంటి దూలం నాకెందుకు?"

"నీ ఇల్లు పోతే నేనెవర్ని చూసి కుళ్లాలె? గా షట్టర్లనా? జల్ది ఎక్కియ్యి!"

"అన్నా..." అంటూ జోగులమ్మ ఆయన చేతులు పట్టుకుంది. చాచా కంగారుపడ్డాడు.

"నువ్వెందుకు ఏడుస్తవమ్మా? దూలం పోయింది నాది!"

జేసీబీ వెనక్కి మళ్లింది. దూలం ఎక్కింది. ఇల్లు నిలిచింది.

పనంతా అయ్యాక చాచా చూడ్డానికొచ్చాడు. నూనె పట్టించిన దూలం నిగనిగలాడుతోంది. తలెత్తి చాలాసేపు చూశాడు. మెల్లగా మొహం మాడిపోయింది.

"ఏంది చాచా, మంచిగ లేదా?"

"బేవఫా దూలం! మా ఇంట్ల ఉన్నన్ని దినాలు గింత షాన్‌గ ఎన్నడన్న ఉన్నదా?"