రూతమ్మ చేతులు, సూపరింటెండెంటు గారి సబ్బు

1943 ఎండాకాలంలో నన్ను పంజాగుట్టలో ఒక ప్రయోగశాలకు అసిస్టెంట్ బాక్టీరియాలజిస్టుగా వేశారు. ఆ హోదా పేరు పలికేలోగా ప్రయోగశాలను ఒక చుట్టు చుట్టి రావచ్చు. ఒక జాగీర్దారు కుటుంబం తాలూకు ట్రస్టు అమీర్‌పేటలో ప్రసూతి ఆసుపత్రి నడిపేది. దానికి అనుబంధంగా, తోటల మధ్య ఖాళీగా పడి ఉన్న బంగళాలో రెండు గదులు మాకు ఇచ్చారు. అందులో ఒక మైక్రోస్కోపు, కిరోసిన్ దీపంతో వేడెక్కే ఇంక్యుబేటరు, నేను, జవాను యాకూబ్ భాయ్. నేను గుంటూరు వైపు మనిషిని, మద్రాసులో శిక్షణ పొందినవాణ్ణి. సూక్ష్మక్రిములు తప్ప హైదరాబాదులో నాకు తెలిసినవాళ్ళు లేరు.

ఆ ఏడాది ఆసుపత్రిలో బాలింతలకు సూతికా జ్వరం పట్టుకుంది. ఇద్దరు చనిపోయారు. ఈ జ్వరం పురుడు పోసేవారి చేతుల నుంచి అంటవచ్చునని వైద్యం చదివిన ప్రతివాడికీ తెలుసు. అందుచేత సూపరింటెండెంటు సాహెబ్ నాకు రెండు పనులు ఒకే కాగితం మీద అప్పగించారు. కొత్తగా వచ్చిన క్రిమినాశక సబ్బు చేతుల మీది క్రిములను ఏపాటి తగ్గిస్తుందో చూడాలి. నర్సుల్లో ఎవరి చేతులు మురికివో కూడా చూడాలి. ఆ సబ్బు తయారుచేసేది ఆయన బావమరిది. మురికి చేతులు తేలినవాళ్ళ ఉద్యోగం ఊడుతుందని సాహెబ్ వార్డులో ముందే చాటించారు. సబ్బు ఓడిపోతే ఏం ఊడుతుందో మాత్రం చెప్పలేదు.

పరీక్ష పద్ధతి నేను ఒక విదేశీ పత్రికలో చదివి నేర్చుకున్నది. కాచి చల్లార్చిన నీళ్ళు పోసిన ఎనామెల్ బేసిన్లో మనిషి చేతులు ముంచి రుద్దుకోవాలి. ఆ తరువాత సబ్బుతో కడుక్కుని, మరో బేసిన్లో మళ్ళీ అలాగే రుద్దుకోవాలి. రెండు బేసిన్ల నుంచీ కాసిని నీళ్ళు తీసి, అగార్ అనే జిగురు పదార్థంతో కలిపి గాజు పళ్ళేలలో పోసి ఇంక్యుబేటర్లో ఉంచుతాం. నీళ్ళలో బతికున్న క్రిములు పెరిగి కంటికి కనబడే చుక్కలవుతాయి. సబ్బుకు ముందు చుక్కలు, సబ్బు తరువాత చుక్కలు లెక్కపెడితే సబ్బు పనితనం తెలుస్తుంది. ఇందులో ఒకటే షరతు. పరీక్షకు వచ్చే మనిషి ముందుగా చేతులు కడుక్కోకూడదు. పని చేసిన చేతులతో నేరుగా రావాలని నర్సులకు తెలుగులోనూ ఉర్దూలోనూ చెప్పించాను.

నర్సులు టాంగాల్లో వచ్చారు. పరీక్ష సజావుగా జరిగింది. పళ్ళేలు బయటికి తీసే రోజున సాహెబ్ స్వయంగా వచ్చి నా పక్కన కూర్చున్నారు. చూస్తే అందరి పళ్ళేలలోనూ సబ్బుకు ముందూ చుక్కలు కొద్దే, తరువాతా కొద్దే. ఒక్క రూతమ్మ పళ్ళెంలో మాత్రం సబ్బుకు ముందు ఆవాలు చల్లినట్టు చుక్కలు, తరువాత బాగా తక్కువ.

రూతమ్మ మిషన్ ఆసుపత్రిలో పురుళ్ళ పని నేర్చుకున్న మనిషి. భర్త లేడు. ముసలి అత్తా ఇద్దరు పిల్లలూ ఆమె జీతం మీదే బతికేవారు. సాహెబ్ ఆ పళ్ళేలను చూసి ఎంతో తృప్తిగా తల పంకించారు. ఆసుపత్రికి పట్టిన మురికి ఈమె చేతుల్లో ఉందన్నారు. ఆ మురికిని మన సబ్బు ఎలా వదలగొట్టిందో చూడమన్నారు. సబ్బు కొనాలి, రూతమ్మను తీసెయ్యాలి. ఒకే చేతుల జత రెండు తీర్పులకూ సాక్ష్యం చెప్పింది.

పురుళ్ళ వార్డు నుంచి నేరుగా వచ్చినవాళ్ళ చేతులు అంత శుభ్రంగా ఉండడం నాకు మింగుడు పడలేదు. వరండాలోకి వెళ్ళి చూస్తే మెట్ల పక్కన గంగాళం, చెంబు, అరిగిపోయిన బట్టల సబ్బు ముక్క ఉన్నాయి. ఇదేంటని యాకూబ్ భాయ్‌ని అడిగాను.

"గట్లెట్ల సాబ్? మీరు గింత తెల్లటి బేసిన్లు తోమిపిచ్చి పెట్టిండ్రు. ఆడోళ్ళు గా చేతులు తీస్కపోయి గండ్ల ముంచితే ఇజ్జత్ ఏముంటది? జర చెంబుతోని నీళ్ళు పోసిన, గంతే" అన్నాడు.

రూతమ్మకు ఎందుకు పోయలేదన్నాను.

"ఆమెకు సుత పోస్తనన్న. సాబ్ కడుక్కోవద్దన్నడు గదా, నాకొద్దన్నది."

అతన్ని ఏమనగలను? మన దేశంలో చేతులు కడగడమంటే పైనుంచి నీళ్ళు పోయడమే. నిలవనీళ్ళలో చేతులు ముంచి, తన మురికిలోనే తాను రుద్దుకోవడం ఇక్కడ ఎవరికైనా రోత. అందునా డాక్టరు గారి తెల్ల బేసిన్ను మైల చేయడం మర్యాద కాదు. ఆ విదేశీ పత్రికకు ఈ సంగతి తెలియదు. నాకు తెలిసి ఉండాల్సింది గాని, నేను పత్రిక చదివే తొందరలో ఉన్నాను. మొత్తానికి చెప్పిన మాట విన్న ఒకే ఒక మనిషి ఉద్యోగం పోబోతోంది.

సాహెబ్‌కు సంగతంతా విడమరిచి చెప్పి, ఆర్డరు ఆపమనీ పరీక్ష మళ్ళీ జరపాలనీ గట్టిగా అడిగాను. సబ్బు ఇంకోసారి గెలుస్తుందని కాబోలు, ఒప్పుకున్నారు. ఈసారి గంగాళం తీసేయించి, యాకూబ్ భాయ్‌ని గేటు దగ్గర కూర్చోబెట్టాను. నర్సులు సిగ్గుతో తలలు దించుకుని, నూనె మరకలూ పసుపు మరకలూ ఉన్న చేతులను బేసిన్లలో ముంచారు. సాహెబ్ అత్తరు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని చూశారు.

పళ్ళేలు తీస్తే అందరివీ మొదటిసారి రూతమ్మ పళ్ళెంలాగే ఉన్నాయి. ఈసారి రూతమ్మ పళ్ళెం ఒక్కటే దాదాపు ఖాళీగా ఉంది.

నేను ఆసుపత్రికి వెళ్ళి ఆమెనే అడిగాను. ఆమె దాచలేదు. "ఇంట్ల కార్బాలిక్ సబ్బు పెట్టి మల్ల మల్ల తోముకోని టాంగా ఎక్కిన సార్. మొదటిపారి మీ మాటిన్న, కొలువు పోయేటట్టయింది. గీపారి నా మాట నేనిన్న" అంది.

నాకు ఆమె మీద కోపం రాలేదు. జరిగింది జరిగినట్టు రిపోర్టులో రాశాను. అందరి చేతులూ ఒకటేనని, రూతమ్మ పళ్ళేలు రెండో పరీక్ష లెక్కలోకి రావని, ఆ తరువాత నేను విడిగా కొందరి చేతులు మామూలు బట్టల సబ్బుతో కడిగించి చూస్తే క్రిములు ఇంచుమించు అంతే తగ్గాయని. సాహెబ్ ఎర్ర పెన్సిలు తీసి ఆ చివరి రెండు వాక్యాలూ కొట్టేశారు. పరీక్షలో తన సబ్బు ఒక్కసారి తగిలాక రూతమ్మ వంటి మనిషి కూడా బాగుపడిందని ట్రస్టుకు రాశారు. సబ్బు పెట్టెలు పెట్టెలుగా వచ్చింది. ఆమె ఉద్యోగం నిలిచింది. పైగా పరిశుభ్రతకు మెప్పు కాగితం ఒకటి ఇచ్చారు. రిపోర్టు చిత్తుప్రతిని నేను దాచుకున్నాను, ఎవరూ అడగలేదు.

ఆ బాలింతలకు జ్వరం ఎక్కడి నుంచి వచ్చిందో తేలిందా అని నన్ను అడిగినవాళ్ళున్నారు. తేలలేదు. సబ్బు వచ్చింది కాబట్టి ఆ తరువాత ఎవరూ వెతకలేదు.

ఆ తరువాత పదవీ విరమణ దాకా ఎన్నో ఆసుపత్రుల్లో చేతులు పరీక్షించాను. ముందుగా చెప్పకుండా వార్డుకు వెళ్ళి, పని మధ్యలో ఉన్న చేతుల నుంచే నమూనా తీసుకునేవాణ్ణి. ఆ నమూనా మీద ఎవరి జీతమైనా ఆధారపడి ఉందని తెలిస్తే పరీక్ష చేయనని రాసి ఇచ్చేవాణ్ణి. ఉద్యోగం పోతుందనే భయంతో వచ్చే మనిషి కడిగిన చేతులే తెస్తుంది. ఆ చేతుల్లో క్రిములను వెతకడం ఏ ప్రయోగశాల వల్లా కాదు.