చింతామణి తరబేతిలో పక్క బల్ల సారు

చింతామణిలో జరిగిన ఆ తరబేతికి, అంటే ఉపాధ్యాయుల శిక్షణకు, నేను బెదురుతూనే వెళ్ళాను. నేను పనిచేసేది బాగేపల్లి దగ్గర ఒక చిన్న ప్రభుత్వ కన్నడ పాఠశాలలో. పిల్లలు తగ్గిన బడులను పక్క ఊరి బడిలో కలిపేస్తారని అందరూ అనుకుంటున్న రోజులవి. శిక్షణ ఇచ్చేటావిడ లేచి కన్నడంలో, "మీ తరగతిలో కుదరని పాఠం ఒకటి చెప్పండి, దాని మీదే మాట్లాడుకుందాం" అంది. అందరూ పుస్తకాల్లోకి తలలు దించుకున్నారు. ఒప్పుకున్నవాళ్ళ పేర్లు పై ఆఫీసుకు పోతాయని అందరికీ అనుమానమే.

నా పక్క బల్ల దగ్గర గౌరిబిదనూరు వైపు నుంచి వచ్చిన ఒక సారు కూర్చున్నాడు. వయసు యాభై దాటి ఉంటుంది. పలకరిస్తే నవ్వి ఊరుకునేవాడు. కానీ ఎవరైనా మాట్లాడటం మొదలుపెడితే చాలు, బల్ల మీది ఫోనును మెల్లగా వాళ్ళ వైపు జరిపేవాడు. మా మాటలన్నీ రికార్డు చేసి ఎవరికో పంపుతున్నాడని నాకు గట్టిగా అనిపించింది. అందుకే నా వంతు వచ్చినప్పుడు, మా పిల్లలకు భిన్నాలు బాగా వచ్చేశాయని అబద్ధమాడి కూర్చున్నాను. నిజానికి ఒక్క ముక్క ఎక్కలేదు.

భోజనాలయ్యాక ఆయన కొళాయి దగ్గర డబ్బా కడుక్కుంటున్నాడు. వెనక నిలబడి అడిగేశాను.

"ఏం సార్, మా మాటలు ఎవురికి పంపిస్తాండారు?"

పలకలేదు. గొంతు పెంచి మళ్ళీ అడిగాను. తిరిగి కూడా చూడలేదు. ఎంత పొగరు అనుకుంటూ ఎదురుగా వెళ్ళి నిలబడేసరికి ఉలిక్కిపడ్డాడు. డబ్బా చేయి జారింది.

"పిలిచినావా అమ్మా?" అంటూ జేబులోంచి ఫోను తీసి నా ముందు పెట్టాడు. "దీంట్లో చెప్పు."

అదే మాట మళ్ళీ అన్నాను. తెర మీద నా మాటలు అక్షరాలై పడ్డాయి. అవి చదవగానే ఆయన ముఖం చిన్నబోయింది.

"ఎవురికీ పంపల్యా. చెవులు పోతాండాయి నాకు. ఇది లేకుంటే ఆయమ్మ చెప్పేది ఒగటీ తెలీదు. ఆఫీసులో తెలిస్తే నన్ను ఏం చేస్తారో."

"మరి బళ్ళో పిల్లోళ్ళు చెప్పేది ఎట్లా తెలుస్తాది?"

"అందురూ పలక మీద రాసి చూపిస్తారు. ఎవునికి రాలేదో ఇట్టే కనపడతాది. దాంకునేకి లేదు."

మధ్యాహ్నం నేను లేచి, పొద్దున చెప్పింది అబద్ధమని అన్నాను. శిక్షణ ఇచ్చేటావిడ కోప్పడలేదు. "మీ పిల్లలు ఇంట్లో మాట్లాడేది తెలుగే కదా, అర, పావు అంటారు కదా? అక్కణ్ణుంచే మొదలుపెట్టండి" అంది. పలకల పద్ధతీ, ఆ మాటలూ కలిపి మా బళ్ళో పాఠం మళ్ళీ చెప్పాను. చాలామందికి అర్థమైంది. అయినా బడి ముందు ఆఫీసు జీపు ఆగితే ఇప్పటికీ హాజరు పట్టీ తీసి పిల్లల్ని మళ్ళీ లెక్కపెట్టుకుంటాను.

చిక్కబళ్ళాపురం ఆసుపత్రిలో చెవులు చూపించుకోమని ఆ రోజే సారుకు చెప్పాను. "ఆడ మనోళ్ళు ఎవురన్నా చూస్తే?" అన్నాడు. కానీ వెళ్ళినట్టున్నాడు. తర్వాతి తరబేతికి చెవి వెనక మిషను పెట్టుకుని, అది కనపడకుండా మఫ్లరు చుట్టుకుని వచ్చాడు.

"ఎవురికన్నా చెప్పినావా?" అన్నాడు.

లేదన్నాను. నమ్మినట్టు కనిపించలేదు. అయినా కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చున్నాడు.