ఫ్యాను రెక్కల మీద పేరు

నిన్న సాయంత్రం మా పాప ఇంగ్లీషు మాటలు బట్టీ పడుతోంది. "డోనర్ అంటే దాత. బెనిఫాక్టర్ అంటే మేలు చేసినవారు..." అంతలో కరెంటు పోయింది. నా చూపు ఆగిపోతున్న ఫ్యాను మీదికి పోయింది.

జహీరాబాద్‌లో నాతో చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మన ఐదో తరగతి గదిలో ఫ్యాను రెక్కల మీద ఎర్ర రంగుతో దాత పేరు రాసి ఉండేది. అది మన సుజాత వాళ్లమ్మ పేరు. ఆమె చనిపోయాక, ఆమె జ్ఞాపకంగా సుజాత నాయన బడికిచ్చిన ఫ్యాను అది. తిరుగుతున్నప్పుడు ఆ పేరు కనిపించేది కాదు. కరెంటు పోతే మనమంతా ఉక్కకు విసుక్కునేవాళ్లం. సుజాత మాత్రం తల పైకెత్తి నవ్వేది.

ఒకరోజు కొత్తగా వచ్చిన టీచర్ ఇవే మాటలు నేర్పుతూ, "డోనర్‌కు ఒక ఎగ్జాంపుల్ చెప్పున్రి" అంది.

"మా అమ్మ, టీచర్" అంది సుజాత.

"అట్లనా? ఏడున్నది మీ అమ్మ?"

"జర ఆగున్రి టీచర్. కరెంటు పోతే వస్తది."

అందరం ఆ తిరిగే ఫ్యాను వైపే చూశాం.

నిన్న కాసేపటికి కరెంటొచ్చింది. ఫ్యాను తిరిగింది. పాప "హమ్మయ్య" అంది. నాకు మాత్రం గదిలోంచి ఎవరో లేచి వెళ్లిపోయినట్టనిపించింది.