నా మాట విన్నారు

అరవైల్లో నేను జగ్గయ్యపేట దగ్గర ఒక చిన్న ఊళ్ళో పంచాయతీ సమితి బడిలో పంతుల్ని. బడికి ఉన్నవి రెండే గదులు. ఒక గదిలో సమితి అధ్యక్షుడి తమ్ముడు మిరపకాయల బస్తాలు వేయించాడు. ఆ ఘాటుకు పక్క గదిలో ఒక పిల్లవాడు తుమ్మితే గది మొత్తం తుమ్మేది, ఎక్కాలు సాగేవి కావు. చివరికి పిల్లల్ని బయట ఎండలో కూర్చోబెట్టి చెప్పాను. పైఅధికారులకు అర్జీ పెట్టాను. బదులు రాకపోతే మళ్ళీ పెట్టాను.

అధ్యక్షుడు కబురంపితే సమితి ఆఫీసుకు వెళ్ళాను. మధ్యాహ్నం దాకా వరండాలో నిలబెట్టి, భోజనానికి పోతూ, "ఏం పంతులూ, ఆ బస్తాలు నీ నెత్తినేమన్నా పెట్టామా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. ఆ వారంలోనే నన్ను ఉద్యోగంలోంచి తీసేసినట్టు కాగితం వచ్చింది. కారణం లేదు. నన్నొక్క మాట అడిగింది లేదు.

నందిగామలో ప్లీడరు గారు కాగితం చూసి కుర్చీలోంచి లేచారు. "అడక్కుండానే తీసేశారా? రిట్ వేద్దామండీ. హైకోర్టుండేది ఇందుకే!" రాజ్యాంగంలో నాలాంటివాడి కోసం కూడా ఒక వాక్యం ఉందని ఆరోజు తెలిసింది. పెద్ద చుట్టం దొరికినంత ధైర్యం వచ్చింది.

కేసు నడిచినంత కాలం మామగారింట్లోనే తిన్నాం. "హైకోర్టు బావగారికి మజ్జిగ పొయ్యండే" అనేవాడు నా బావమరిది. అదీ మరిచిపోలేదు.

విచారణ రోజున బస్సెక్కి హైదరాబాదు వెళ్ళాను. జడ్జి గారు ఒకే ప్రశ్న వేశారు, తీసేసే ముందు ఈయన మాట విన్నారా అని. అవతలి ప్లీడరు కాగితాలు అటూ ఇటూ తిప్పి, లేదన్నాడు. ఉత్తరువు కొట్టేశారు. నేను వరండాలోకి వచ్చి ఏడ్చాను.

"మాస్టారూ, తీర్పు చివర ఇంకో మాటుందండీ" అన్నారు నందిగామ ప్లీడరు గారు. "మీ మాట విని, మళ్ళీ నిర్ణయం తీసుకోవచ్చన్నారు."

"విననివ్వండి. నా మాట విన్నాక ఎవరు తీసేస్తారండీ?" అన్నాను.

బడిలో అడుగు పెట్టకముందే నోటీసు వచ్చింది. పిల్లల్ని ఎండలో కూర్చోబెట్టానన్నది మొదటి ఆరోపణ. వినేది అధ్యక్షుడే.

"రండి మాస్టారు గారూ, కూర్చోండి. ముందు కాఫీ పుచ్చుకోండి" అన్నాడు. కుర్చీ తనే జరిపాడు. "నిదానంగా చెప్పండి. మేం వినాలటగా!"

తాగాను. చెప్పాను. ఆ ఘాటు, ఆ తుమ్ములు, వరండాలో నన్ను నిలబెట్టడం, అన్నీ చెప్పాను. గుమాస్తా రాసుకుంటూ పోయాడు. ఒక్కరూ అడ్డు రాలేదు.

"పిల్లల్ని ఎండలో కూర్చోబెట్టిన మాట నిజమేనాండీ?"

"నిజమే, కాని ఆ బస్తాలు..."

"బస్తాల సంగతి కూడా రాసుకోవయ్యా" అన్నాడు గుమాస్తాతో. "ఇంకేమన్నా ఉందాండీ?"

ఇంకేమీ లేదు.

"ఏమన్నారు?" అంది నా భార్య.

"శుభ్రంగా విన్నారు" అన్నాను. ఆమె నేను బడికి వేసుకునే చొక్కా ఉతికి ఆరేసింది.

ఈసారి ఉత్తరువు పేజీలకు పేజీలు వచ్చింది. నా మాట పూర్తిగా విన్నామనీ, తప్పు నేనే ఒప్పుకున్నాననీ, అందువల్ల తొలగిస్తున్నామనీ అందులో ఉంది. ప్లీడరు గారు రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశారు.

"పద్ధతిగా రాశారండీ. ఇక కోర్టు అడిగేదేముంది? విన్నారుగా."

నాకు జరిగినవాటిలో ఆ వరండానైనా ఎప్పటికైనా క్షమిస్తానేమో గాని, ఆ కాఫీని క్షమించలేను.

తర్వాత నందిగామలో ఒకరి అరుగు మీద ప్రైవేట్లు చెప్పుకుని బతికాను. నా బడికి వచ్చిన కొత్త పంతులు కూడా పిల్లల్ని ఎండలోనే కూర్చోబెట్టాడు. ఆయన అర్జీ పెట్టలేదు. అక్కడే రిటైరయ్యాడు.